పొరపాటా? మోసమా? – ఓటు వేయునాటి ఓర్పును గూర్చి

వ్యాపారమున ముప్పది నలుబది యేండ్లు గడపినవానికి ఓర్పును వేరొకరు నేర్పనక్కరలేదు. బాకీదారు ఆరు మాసములు త్రిప్పినను, రావలసిన సరుకు దారిలో నిలిచిపోయినను, వచ్చిన బేరము అరగంటసేపు పది తానులు విప్పించి ఏమియు కొనక లేచిపోయినను అతని ముఖమున చిరునవ్వు చెదరదు. అట్టివాడే ఎన్నికలనాడు పాఠశాల వరండాలో ముప్పావుగంట నిలువవలసి వచ్చునప్పటికి గొంతు పెంచును. వరుసలో ఎవడో "ఇదంతయు కావలెనని చేయుచున్నారు" అనగా, విచారింపకయే తల యూపును. ఆ ఉదయముననే 48 నిమిషముల సామాయికము కదలక మెదలక చేసి వచ్చినవాడైనను సరే, పోలింగు గది గడపవద్ద ఆ సమభావము నిలువదు. దీనికి కారణమేమి?

ఎండ యనవచ్చును, కాళ్ల నొప్పి యనవచ్చును. అవి పై కారణములు. కషాయములు నాలుగని పెద్దలు చెప్పిరి: క్రోధము, మానము, మాయ, లోభము. పోలింగు స్థలమున పైకి కనబడునది క్రోధము. లోపల దానిని రాజవేయునది మాత్రము మానము. దుకాణములో నష్టము వచ్చిన పోవునది ధనము. ఇక్కడ పోవుచున్నది తన గౌరవమని అతనికి తోచును. ఏడాది పొడుగున బ్యాంకులోను, మార్కెట్టు యార్డులోను "దయచేయండి, కూర్చోండి" అనిపించుకొను మనిషి ఆ ఒక్కనాడు తన దుకాణమున బస్తాలు మోయు హమాలీ వెనుక నిలువవలెను. ఇద్దరి ఓటును ఒక్కటే. దేశమున ఇట్టి రోజు ఐదేండ్లకు రెండు మూడు మారులు మాత్రమే వచ్చును. ఆ రోజుననైనను మానమును కొంత దించుకొనలేనివాడు పర్వదినములలో దించుకొందుననుట కొంచెము సందేహమే.

అయితే ఓర్పు అనగా నోరు మూసికొనుట యేనా? అన్యాయము కనబడినను "మనకెందుకు" అని యిల్లు చేరుటయేనా? అసలు ప్రశ్న యిది. దీనికి సమాధానము శాస్త్ర గ్రంథములలో వెదకుటకు ముందు చిట్టా ఆవర్జాలలో వెదకవచ్చును.

ఒక పట్టణమున ఒక బట్టల వర్తకుని సంగతి చెప్పుకొందురు. పండుగ ముందటి రాత్రి గల్లాపెట్టె సరిచూడగా 500 రూపాయలు తక్కువ వచ్చినవి. పదునెనిమిదేండ్లుగా పనిచేయుచున్న గుమాస్తాను అతడు కొనుగోలుదారుల యెదుటనే నిలువదీసెను. గుమాస్తా మాట్లాడక గొడుగు తీసికొని వెడలిపోయెను. మూడవనాడు చాకలికి వేయబోవు చొక్కా జేబులో చీటీ యొకటి దొరికినది: లారీ కిరాయికి ఇచ్చిన 500 రూపాయలు, యజమాని స్వహస్తముతో వ్రాసినది, చిట్టాకు ఎక్కనిది. గుమాస్తా తిరిగి వచ్చెను. కాని ఆనాడు దుకాణములో ఉన్న కొనుగోలుదారులు ఆ నిందను ఊరంతయు పంచియుండిరి. చీటీ దొరికిన సంగతిని పంచుటకు ఎవరును పూనుకొనలేదు. నింద నడచినంత దూరము సవరణ నడవదు.

లెక్క తప్పినప్పుడు తప్పెక్కడ అని వెదకుట వర్తక ధర్మము. దొంగ యెవడు అని ముందుగా అరచుట వర్తక ధర్మము కాదు. పోలింగు స్థలమునకును ఇదే వర్తించును.

వరుస కదలుట లేదను ఫిర్యాదునే తీసికొందము. 2024 మే 13న ఆంధ్రప్రదేశమున శాసనసభకును లోక్‌సభకును ఒక్కసారే పోలింగు జరిగినది. చాలా కేంద్రములలో రాత్రి బాగుగా ప్రొద్దుపోవువరకు జనము వరుసలలో నుండిరి. దీనిని కుట్ర యన్నవారు కలరు. వర్తకుడు కాగితము తీసి లెక్క వేయవలెను. ఆనాటి నియమము ప్రకారము ఒక కేంద్రమునకు 1,500 మంది వరకు ఓటర్లుండవచ్చును. నూటికి ఎనుబదిమంది వచ్చినను 1,200 మంది. ఉదయము 7 గంటలనుండి సాయంకాలము 6 వరకు 11 గంటలు, అనగా 39,600 సెకండ్లు. ఒక్కొక్కరికి దొరకునది 33 సెకండ్లు. మీట నొక్కిన పిమ్మట వీవీప్యాట్ అద్దములో చీటీ 7 సెకండ్లు కనబడును. రెండు యంత్రములకు 14 సెకండ్లు దానికే చెల్లును. మిగిలిన 19 సెకండ్లలో ముసలమ్మ లోనికి నడచి, గుర్తు వెదకి, మీట నొక్కి, రెండవ యంత్రమునొద్దకు పోవలెను. ఇంతకును జనము గడియారమునకు సమముగా రారు. మే నెల యెండకు జడిసి సగముమంది ఉదయమే వత్తురు, సగముమంది నాలుగు దాటిన తరువాత వత్తురు. ఇక వరుస పెరుగక యేమగును? ఈ చిక్కు అధికారులకును తెలియనిది కాదు; 2025లో ఎన్నికల సంఘము ఆ పరిమితిని 1,200కు తగ్గించినది.

యంత్రము ఆగిపోవుట రెండవది. 2019 ఏప్రిల్ 11న ఆంధ్రదేశమున చాలచోట్ల ఉదయమే యంత్రములు మొరాయించినవి, జనము విసిగినారు. యంత్రము ఆగినంతనే వరుసలో పుట్టు మాట "వేసిన ఓట్లన్నియు పోయినవి" అనునది. అవి పోవు. ఓట్లు కంట్రోలు యూనిట్‌లో నిలిచియుండును. బ్యాటరీ తీసివేసినను చెరగవు. ఆ యూనిట్ చెడినచో దానిని సీలుచేసి పక్కనుంచి, క్రొత్త యంత్రములను తెచ్చి, ఏజెంట్ల యెదుట ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్కటి చొప్పున నమూనా ఓటు వేసి చూపి, వాటిని తుడిచి, మరల పోలింగు సాగింతురు. లెక్కింపునాడు పాత యూనిట్‌లోని ఓట్లును లెక్కకు వచ్చును. వీవీప్యాట్ ఒక్కటే చెడినచో దాని నొక్కదానినే మార్తురు. ఉదయము పోలింగునకు ముందే, ఏజెంట్ల సమక్షమున తక్కువలో తక్కువ 50 నమూనా ఓట్లు వేసి చీటీలతో సరిచూచుట కలదు. ఆ వేళకు లేచివచ్చి చూచువారు ఎంతమంది? తొమ్మిదింటికి వచ్చి అనుమానించుట సులభము, అయిదున్నరకు వచ్చి పరీక్షించుట కష్టము.

ఆ యంత్రముల వెనుక కూర్చున్నవారెవరు? చాలవరకు బడిపంతుళ్లు, ప్రభుత్వ కార్యాలయముల చిన్న ఉద్యోగులు. ముందునాడే పెట్టెలు లెక్కచూచుకొని సంతకములు చేసి, బస్సులలో వచ్చి, తరగతి గది బల్లలపై దోమల నడుమ పరుండి, తెల్లవారకముందే లేచినవారు. వీరిలో కొందరు ఈ పని మునుపెన్నడును చేసియుండరు. దుకాణమున క్రొత్త కుఱ్ఱవాడు మొదటినాడు రెండు బిల్లులు తప్పుగా వ్రాసిన యజమాని సహించును గదా.

ఇతర రాష్ట్రములలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు మరియొక చిక్కు కలదు. పేరు ఒక లిపినుండి వేరొక లిపిలోనికి పోవునప్పుడు రూపు మారును. తమిళమున క, గ లకు ఒక్కటే అక్షరము. హోసూరులోని గులాబ్‌చంద్ కులాప్‌చంద్ కావచ్చును. ఒడియాలో వకారము బకారమగుట వాడుక. బరంపురమున వర్ధమాన్ బర్ధమాన్ అగును. తండ్రి పేరు భర్త గడిలో పడుటయు, వయస్సు పది పెరుగుటయు కలవు. ఇట్టిచోట "నన్ను జాబితానుండి తీసివేసిరి" అని కేక పెట్టుటకంటె ముందు, అక్షరము మార్చి వెదకుమని అడుగుట మేలు. చట్టమే యిక్కడ పెద్దమనిషివలె నడచుకొన్నది. జాబితాలోని కేవల వ్రాత తప్పులను, అచ్చు తప్పులను ప్రిసైడింగు అధికారి పట్టించుకొనరాదని, మనిషి ఆ మనిషియేనని తృప్తిపడిన చాలునని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమములు చెప్పుచున్నవి. ఓటరు అక్షర దోషమును క్షమింపుమని అధికారికి చట్టము చెప్పుచుండగా, అధికారి తడబాటును ఓటరు క్షమింపరాదా?

ఇంతవరకు చెప్పినవి పొరపాట్లు. నిజముగా తప్పు జరిగినప్పుడో? ఒకడు లోనికి పోవునప్పటికి తన పేర వేరెవడో ఓటు వేసిపోయెననుకొందము. ఇక్కడ ఓర్పు రెండు విధములుగా చెడవచ్చును. బల్ల గుద్ది అరచుట యొకటి. "పోనీలే" అని వెనుదిరుగుట రెండవది. శాంతస్వభావులమని చెప్పుకొను కుటుంబములలో రెండవదే యెక్కువ. అది శాంతము కాదు, బద్ధకమునకు తొడిగిన తెల్లచొక్కా. అట్టివానికి చట్టము టెండర్డు ఓటు నిచ్చుచున్నది. తానెవరో ప్రశ్నలకు తృప్తికరముగా సమాధానము చెప్పినచో అతనికి కాగితపు ఓటుపత్రము నిత్తురు. దానిపై గుర్తువేసి యిచ్చిన, వేరుగా కవరులో భద్రపరతురు. లెక్కింపునాడు దానిని లెక్కింపరు. ఎన్నికల వ్యాజ్యమున న్యాయస్థానము అవసరమనుకొన్ననే తెరువబడును.

లెక్కింపని ఓటు దేనికని కొందరు నవ్వుదురు. 2008లో రాజస్థానమునందలి నాథద్వారమున శాసనసభకు పోటీచేసిన సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడెను. ఆయనకు 62,215, గెలిచిన కల్యాణ్ సింగ్ చౌహాన్‌కు 62,216. ఆ వ్యాజ్యమున ఈ టెండర్డు ఓట్ల ప్రశ్నయే సుప్రీంకోర్టు వరకు పోయి, 2011 జనవరిలో తీర్పు వచ్చినది. ఎవరును తలపెట్టని కవర్లు ఆనాడు దేశమునందలి పెద్ద న్యాయవాదుల వాదమునకు వస్తువులైనవి. అంతకుముందే 2004లో కర్ణాటకమున సంతేమరహళ్లిలో ఏ.ఆర్. కృష్ణమూర్తి ఒక్క ఓటుతో ఓడెను. ఆయన కారు డ్రైవరు ఆనాడు ఓటు వేయలేకపోయెనని చెప్పుకొనుట కలదు.

ఈ మాట వచ్చినది గనుక యజమానులకు ఒక సంగతి. ఓటుహక్కు గల పనివానికి పోలింగునాడు వేతనముతో సెలవు ఇయ్యవలెనని ప్రజాప్రాతినిధ్య చట్టము 135బి విభాగమున కలదు. తాను పదింటికే ఓటు వేసి వచ్చి, వరుస ఆలస్యమును గూర్చి మధ్యాహ్నము వరకు గల్లావద్ద ఉపన్యాసమిచ్చి, గుమాస్తాను అయిదింటివరకు కదలనీయని వారు లేకపోలేదు. ఆ గుమాస్తా ఓటు పోయిన, ఏ యంత్రము తప్పు?

అనుమానమును పలుకుటకు చట్టము పెట్టిన వెల యొకటి యున్నది. వర్తకులకు అది నచ్చవలెను. వచ్చిన మనిషి ఆ ఓటరు కాడని పోలింగు ఏజెంటు ఆక్షేపింపదలచిన, ముందు రెండు రూపాయలు నగదుగా ప్రిసైడింగు అధికారివద్ద ఉంచవలెను. అధికారి అక్కడనే విచారించును. ఆక్షేపణ అల్లరికి చేసినదనియో, సద్బుద్ధితో చేసినది కాదనియో తేలిన ఆ రెండు రూపాయలు పోవును. సద్బుద్ధితో చేసి పొరబడినచో తిరిగి వచ్చును. 1961 నాటి నియమములలోని ఆ రెండు రూపాయలు నేడు తేనీటికైనను చాలవు. కాని భావము గొప్పది: పరునిపై నింద మోపువాడు తన సొమ్ము కొంత బల్లపై పెట్టి మాట్లాడవలెను, పొరబడినవానిని మోసగానితో జమకట్టరాదు. వీవీప్యాట్ చీటీలో తాను నొక్కినదిగాక వేరొక గుర్తు వచ్చెనని చెప్పు ఓటరుకును ఇట్టి మార్గమే కలదు. అతడు ఆ మాట వ్రాసి సంతకము చేయవలెను. పిమ్మట ఏజెంట్ల యెదుట పరీక్ష ఓటు వేయింతురు. నిజమైన పోలింగు ఆపుదురు. అబద్ధమైన అతడు శిక్షకు పాత్రుడు. ఇది భయపెట్టుటకే యున్నదని ఆక్షేపించువారు కలరు. ఆ ఆక్షేపణలో కొంత బలమున్నది. చూపు మందగించిన ముసలివాడు సంతకమునకు జంకును. అయినను వీధిలో నిలిచి అదే మాట పదిమందితో అనువాడు దేనికి సంతకము పెట్టినాడు?

అతడు పెట్టకున్నను వెల చెల్లించువారు వేరుగా నున్నారు. "యంత్రము చెడినది, నేడు కాదట" అని ఒకడు గట్టిగా అనగానే, చంకలో బిడ్డతో వచ్చిన స్త్రీ యింటికి మరలును. దినకూలి పనికి పోవును. అరగంటలో యంత్రము బాగగును, వారు రారు. మాట్లాడినవాడు మాత్రము నిలిచి తన ఓటు తాను వేసికొని పోవును. పురుగునైనను త్రొక్కకుండ చూచి నడచు మనిషి ఒక్క మాటతో ఇద్దరి హక్కును త్రొక్కి, దానిని హింసయని యెరుగకుండుట ఆశ్చర్యము. చేతితో చేసిన కోపము కనబడును. 2024 మే 13న తెనాలిలో ఒక శాసనసభ్యుడు వరుస దాటి పోబోగా ఆక్షేపించిన ఓటరును కొట్టుటయు, ఆ ఓటరు తిరిగి కొట్టుటయు, పిమ్మట అనుచరులు పైబడుటయు దేశమంతయు తెరలపై చూచినది. నోటి మాటతో చేసిన కోపమునకు దృశ్యము దొరకదు.

తెలియమి అనుమానమును ఎట్లు పుట్టించునో యానాము ఒక్కటి చాలు. 2024లో పుదుచ్చేరి లోక్‌సభ స్థానముతోపాటు యానామున ఏప్రిల్ 19న ఓటు వేసిరి. చుట్టునున్న ఆంధ్ర గ్రామములవారు మే 13న వేసిరి. గోళ్లపై సిరా కొన్ని వారములవరకు పోదు. యానాము వర్తకుడు మే మొదటివారమున కాకినాడ బజారుకు వచ్చిన, అతని వ్రేలు చూచి "పోలింగు కాకముందే ఓటు వేసినాడే!" అని యెవరైన అనుకొన్న, వారి కండ్లు తప్పు చూడలేదు. చూచినదానికి చెప్పుకొన్న అర్థము తప్పు. ఒక వస్తువునకు పలు పక్షములుండునను అనేకాంతమును పండితులు పెద్ద పెద్ద ఉదాహరణములతో చెప్పుదురు; సిరా చుక్క యొక్కటియు దానికి సరిపోవును.

అన్నిటికంటె కఠినమైనది, జాబితాలో పేరే లేకపోవుట. చేతిలో గుర్తింపు కార్డున్నను ఆనాడు చేయగలిగినది లేదు. నామినేషన్ల గడువు తీరిన పిమ్మట జాబితాలో పేరు చేర్చుటకు చట్టము ఒప్పదు. 2018 డిసెంబరు 7న తెలంగాణమున ఇట్లు పేర్లు లేక మరలిపోయినవారు చాలమంది. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి బహిరంగముగా క్షమాపణ చెప్పెను. మొదటి సార్వత్రిక ఎన్నికలలో, 1951–52లో, సుమారు 28 లక్షలమంది స్త్రీలు తమ పేరు చెప్పక "ఫలానావాని భార్య", "ఫలానావాని తల్లి" అని వ్రాయించుటచేత జాబితాకు ఎక్కలేదు. అక్కడ మోసగాడు లేడు, నష్టము మాత్రము నిజము. ఇట్టి నష్టమునకు "శాంతించుము" అని సలహా చెప్పుట తనకు నష్టము లేనివానికి తేలిక. క్షమాపణ అడిగినవానిని క్షమించుట ఏటేట పర్యూషణ పర్వమున అలవాటైనదే. కాని క్షమించి ఇంటికి వచ్చినవాడు మరునాడే ఆరవ నంబరు దరఖాస్తు నింపకున్న, వచ్చే ఎన్నికలనాడు అతని కోపమునకు సగము భాగస్వామి తానే. ఆ వంకన ఇంటి కోడండ్ల పేర్లు పుట్టినింటి ఊరినుండి మార్పించితిమా లేదా యని చూచుకొన్న మంచిది. వర్తక కుటుంబములలో ఎక్కువగా మరచునది అదే.

2024 మే 13 సాయంకాలమున కోస్తాలోని ఒక పట్టణమున జరిగినదని ఒక సంగతి చెప్పుదురు. అరువది దాటిన ధాన్య వర్తకుడొకడు నాలుగున్నరకు వరుసలో చేరెను. సూర్యాస్తమయము దాటిన నీరైనను ముట్టని నియమము అతనికి కలదు. ఆరు గంటలకు అధికారి వరుస చివరినుండి మొదలుపెట్టి చీటీలు పంచెను; ఆ వేళకు వరుసలో నున్నవారందరును ఎంత రాత్రియైనను ఓటు వేయవచ్చును. చీటీ చేతికి వచ్చుసరికి యంత్రము ఆగినది. వెనుకనుండి కేకలు లేచినవి. వృద్ధుడు ముందుకు పోయి ఎంతసేపు పట్టునని అడిగి, "ఇరువది నిమిషములట, వేరొక యంత్రము దారిలో నున్నదట" అని తిరిగివచ్చి అందరికి చెప్పెను. ముందు నిలిచియున్నవాడు అతని దుకాణపు హమాలీయే. "మీ చోటు నేను చూచుకొందును, అయ్యగారూ, ప్రొద్దు క్రుంకుచున్నది" అని అతడనగా, వృద్ధుడు చెట్టుక్రిందికి పోయి, ఇంటినుండి తెచ్చిన కాచిన నీరు త్రాగి వచ్చి నిలువబడెను. ఇరువది నిమిషములన్నది గంట పట్టినది. హమాలీ తొమ్మిదిన్నరకు వేసెను, అతని వెనుక వర్తకుడు వేసెను. మరునాడు హమాలీ పనికి రెండు గంటలు ఆలస్యముగా వచ్చెను. దుకాణములో ఎవరును ఏమియు అనలేదు.